నన్ను కట్టేసిన చోటికే కౌన్సెలర్‌గా రమ్మంటున్నారు

రాయగడ జిల్లా గుణుపురం దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అందుకని అక్కడక్కడా కొన్ని మాటలు ఒడియా అక్షరాల్లోనే పడ్డాయి. పర్లేదు, కూడబలుక్కుని చదివాను. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వేయడం లేదు. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను కూడా.

ఆయనకు 34 ఏళ్లు. మోటారు వైండింగ్ షాపు ఉంది. భార్య బట్టలు కుడుతుంది, పాప ఐదో తరగతి. ప్లస్ టూ పాసయ్యారు, ప్లస్ త్రీ (మన డిగ్రీ) రెండో ఏడాదిలో మానేశారు. పదకొండేళ్లు తాగారు. జీలుగు కల్లుతో మొదలై, ఇప్పసారా మీదుగా, చివరికి పొద్దున పళ్లు తోముకోకముందే గ్లాసు పట్టే దాకా వచ్చింది. నాలుగేళ్ల కిందట ఇంట్లోవాళ్లు ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో వేశారు. మొదటి రెండు రాత్రులు అక్కడ మంచానికి తాడుతో కట్టారు. మూడు నెలలుండి బయటికొచ్చి తొమ్మిదో రోజున మళ్లీ తాగారు. పోయినేడాది బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తనంతట తానే వెళ్లారు. పది రోజులు వార్డులో, తర్వాత మాత్రలు, ఆదివారాలు బస్సెక్కి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగు. ఇప్పటికి పదహారు నెలలు, చుక్క ముట్టలేదు.

ఇప్పుడు ఆ పాత సెంటర్ మేనేజరు ఫోన్ చేశాడు. "నువ్వు మానేశావని విన్నాం. మా దగ్గర కౌన్సెలర్‌గా చేరు. నెలకు పదకొండు వేలు, తిండి, మంచం." మంచం అన్న మాట దగ్గర తన చెయ్యి వణికిందని రాశారు. పక్క జిల్లాలో ప్రభుత్వ గ్రాంటుతో నడిచే కేంద్రంలో పీర్ ఎడ్యుకేటర్ (అదే దారిలో నడిచి వచ్చి ఇంకొకరికి తోడుండే మనిషి) ఖాళీ కూడా ఉందట. జీతం ఇంకా తక్కువ, కానీ ట్రైనింగుకు పంపుతారు. మూడోది ఫోన్లో వచ్చిన ప్రకటన: 21 రోజుల ఆన్‌లైన్ కోర్సు, పద్దెనిమిది వేలు, 'సర్టిఫైడ్ అడిక్షన్ కౌన్సెలర్' అని పేరు పక్కన రాసుకోవచ్చు. భార్యేమో, "నువ్వు మానినందుకు మజ్జి గౌరమ్మకు మొక్కు తీర్చాను. మళ్లీ ఆ మనుషుల మధ్యకు పోతానంటే మా అమ్మగారింటికి పోతాను" అంటోంది.

ఐదో పేజీలో అక్షరాలు చిన్నవయ్యాయి. వీధిలో ఒక తాపీ పని చేసే అతని భార్య వచ్చి, "అన్నా, నువ్వు మానావు కదా, మా ఆయనకి ఒక మాట చెప్పు" అని అడిగింది. ఈయన వెళ్లి రెండు గంటలు కూర్చుని తన కథంతా చెప్పారు. "ఈ రోజుతో ఆపెయ్" అని సీసా తీసుకెళ్లి కాలవలో పోసి వచ్చారు. రెండో రోజు రాత్రి అతనికి ఫిట్స్ వచ్చాయి. ఆటోలో ఆసుపత్రికి మోసుకెళ్లారు. బతికాడు. "అతని భార్య నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నిద్ర పట్టడం లేదు."

అడిగినవి మూడు: పదహారు నెలలు సరిపోతాయా? నాలాంటివాడు నిజంగా కౌన్సెలర్ కాగలడా? ఏం నేర్చుకోవాలి, ఎక్కడ?

* * *

మీరు ఉద్యోగం గురించి అడిగారు గానీ, నేను ఐదో పేజీ నుంచి మొదలుపెడతాను. మీ ఉత్తరం బరువంతా అక్కడే ఉంది.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒంట్లో మెదడు మందుకు తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. మందు మెదడును నెమ్మదింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు లోపల్లోపల వేగం పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారి తీసేస్తే ఆ వేగం మాత్రమే మిగులుతుంది. ఆరేడు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని మనుషులు కనబడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు. దాన్ని వదిలేస్తే ప్రాణం పోవచ్చు. మీ పొరుగాయనకు ఫిట్స్ వచ్చింది సరిగ్గా ఆ వేళకే. ఆసుపత్రిలో అయితే దీనికి మాత్రలుంటాయి, మెల్లగా తగ్గిస్తూ వస్తారు. గ్లూకోజు సీసా పెట్టే ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ వరస తప్పితే తాగుబోతు మెదడుకు వేరే దెబ్బ తగులుతుంది.

బరంపురం వార్డులో మీకు ఇదంతా చేశారు. మీరు పడుకుని ఉన్నారు కాబట్టి మీకు తెలియలేదు, అంతే. మీరు మానింది నిజం, మానిన పద్ధతి మీకు కనబడలేదు. అందుకే 'ఆపెయ్' అన్న మాటే వైద్యంలా పనిచేస్తుందనుకున్నారు.

తప్పు మీదా? కొంత మీదే. మంచి మనసుతో చేసిన పనికి కూడా తెలియనితనం అనే ఖర్చు ఉంటుంది, అది ఈసారి అతను కట్టాడు. కానీ ఒకటి గమనించండి. మీరు అడిగిన 'ట్రైనింగు' మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం ఇదే: ఎవరిని ఇంటి దగ్గర మాన్పించవచ్చు, ఎవరిని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పొద్దున లేవగానే తాగుతాడా, ఆగితే చెయ్యి వణుకుతుందా, గతంలో ఫిట్స్ వచ్చాయా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవునన్నా కౌన్సెలరు చేసే మొదటి పని మాట్లాడటం కాదు, ఆటో పిలవడం. మీరు ఆ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. ఇక మర్చిపోరు.

ఇక ఆ రెండు గంటల మాట సంగతి. నా మొదటి ఉద్యోగంలో, శ్రీకాకుళం వైపు, నా మొదటి పేషెంటుకు నలభై నిమిషాలు చెప్పాను. లివరు బొమ్మ గీశాను, పిల్లల చదువు గురించి చెప్పాను, నా గొంతు కూడా గద్గదమైంది. అంతా విని ఆయన, "అయిపోయిందా అమ్మా? బీడీ కాల్చుకు రానా?" అన్నాడు. నాది చదువుకున్న ఉపన్యాసం, మీది అనుభవించిన ఉపన్యాసం. వినేవాడికి రెండూ ఒకటే.

మీరు మాట్లాడింది బహుశా ఇలా సాగి ఉంటుంది. "లివరు పోతుంది, తెలుసా?" "తెలుసన్నా." "పిల్లల మొహం చూడు." "చూస్తానన్నా." "మానేస్తావా?" "మానేస్తానన్నా." అన్నా, అన్నా అని మూడుసార్లు అన్నాడు, తన గురించి ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు అదే గుమ్మంలో, అదే మనిషితో ఇంకోలా చూడండి.

"పొద్దున్నే పడకపోతే ఎలా ఉంటుంది?"

"చెయ్యి నిలవదు. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవాలి."

"మరి పనిలో?"

"తాపీ పట్టుకుంటే గోడ వంకర పోతోంది. మొన్న మేస్త్రీ చూశాడు."

"చూసి?"

"ఏం అనలేదు. తనే వచ్చి ఆ వరస తీసేసి మళ్లీ కట్టాడు."

ఇక్కడ నోరు మూసుకోవాలి. మీరేమీ చెప్పకూడదు. నిమిషం గడుస్తుంది, రెండు గడుస్తాయి. ఆ వంకర గోడ గురించి అతనే మాట్లాడతాడు, తన మాటల్లో, తన సిగ్గుతో. మానాలన్న కారణం అతని నోట రావాలి. ఈ పద్ధతికి ఇంగ్లీషులో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరు, విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో తాగుడు సమస్య మీదే దీని గురించి మొదట రాశాడు. అందులో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది. "మానాలన్న కోరిక సున్నా నుంచి పది దాకా ఎంత?" అని అడుగుతారు. అతను "మూడు" అన్నాడనుకోండి. మనకు వెంటనే "మూడేనా, పది ఎందుకు కాదు?" అని అడగబుద్ధవుతుంది. అలా అడిగితే మానలేకపోవడానికి కారణాలు వరసపెట్టి చెబుతాడు. "ఒకటి ఎందుకు కాదు?" అని అడగాలి. అప్పుడు మానాలనుకునే కారణాలు బయటికొస్తాయి. ప్రశ్న తిప్పినంతలో మనిషి తిరుగుతాడు. వినడానికి సులువుగా ఉంది, నోటికి అలవాటవ్వడానికి మాత్రం నెలలు పడుతుంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: కాగలరు. మీరు తాగి మానారు గనక మాత్రం కాదు. ఆ పదకొండేళ్లు మీ చేతిలో రాగి తీగ చుట్ట లాంటివి. చుట్టడం తెలిస్తేనే మోటారు తిరుగుతుంది. తెలియకుండా చుడితే కాలిపోతుంది. ఆ పోలిక మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు ఉద్యోగాలు. పాత సెంటర్ సంగతి సూటిగా చెబుతాను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. అలాంటివాళ్లను ఉంచి చికిత్స చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. ఏ రూపంలోనూ గొలుసులు వేసి కట్టడం నిషేధం. మనిషి ఒంటి మీద చెయ్యి వేసి ఆపాల్సి వచ్చినా, అది వెంటనే రాబోయే ప్రమాదాన్ని తప్పించడానికే, డాక్టరు చెబితేనే, రాతలో పెట్టి, అవసరమైనంత సేపే. రెండు రాత్రులు తాడుతో మంచానికి కట్టడం దీనిలో ఎక్కడా ఇమడదు. మీకు జరిగింది చికిత్సలో భాగమని ఎవరైనా చెప్పి ఉంటే, అబద్ధం.

అక్కడ మీరు చేరితే ఏమవుతుంది? రెండు రకాలుగా జరగొచ్చు. ఒకటి, వాళ్లు మారి ఉండొచ్చు. మనుషులు మారతారు, సెంటర్లూ మారతాయి, నేను కాదనను. చేరేముందు మేనేజర్ని మూడు విషయాలు అడగండి: రిజిస్ట్రేషన్ కాగితం చూపించండి, డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి తలుపు బయటి నుంచి తాళం వేస్తారా. మూడో ప్రశ్నకు ఆయన ఎంతసేపు ఆలోచిస్తాడో చూడండి. రెండు, ఏమీ మారలేదు. అప్పుడు మొదటి వారంలోనే ఎవరో ఒక కుర్రవాణ్ని తెస్తారు, వణుకుతూ, తిడుతూ. "నువ్వు పట్టుకో, నీకు తెలుసు కదా" అంటారు. మిమ్మల్ని అక్కడికి పిలిచిందే అందుకు. పదకొండు వేలకు పేరు కౌన్సెలర్, పని మాత్రం ఆ తాడు ఇంకో కొస పట్టుకోవడం. మీరు పట్టుకుంటే మీ పదహారు నెలలకు ఏమవుతుందో నాకు భయం. పట్టుకోకపోతే వారంలో వెనక్కొస్తారు, అది నాకు భయం లేదు. వెళ్లి చూసి వద్దామనుకుంటే వెళ్లండి. ఒక్కటే, తిండీ మంచమూ అక్కడే అన్న షరతుకు ఒప్పుకోకండి. రాత్రి ఇంటికి రాగలిగిన దూరంలో లేని ఉద్యోగం మీకు ఈ ఏడాది వద్దు. అక్కడ ఇంకా కడుతున్నారని కంటితో చూస్తే మీ జిల్లాను చూసే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు, రాష్ట్ర అథారిటీకి రాసే దారి ఉంది. అది వేరే ఉత్తరం, ధైర్యం వచ్చినప్పుడు రాయండి.

21 రోజుల కోర్సు గురించి ఎక్కువ రాయను. మన దేశంలో డాక్టరుకో నర్సుకో ఉన్నట్టు 'అడిక్షన్ కౌన్సెలర్' అనే పేరుకు విడిగా లైసెన్సు నడుస్తున్నది లేదు. కాబట్టి ఎవరైనా ఎవరినైనా 'సర్టిఫైడ్' అనేయొచ్చు. ఆ పద్దెనిమిది వేలు మీ ఇంట్లో ఎన్ని జాకెట్లు కుడితే వస్తాయో ఒకసారి లెక్కేసి చూడండి.

గ్రాంటు కేంద్రం మాత్రం ఆలోచించదగ్గది. ఇవి కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి. మంచాలుండి చికిత్స ఇచ్చేవి కొన్ని, ఊళ్లలోకి వెళ్లి పీర్ ఎడ్యుకేటర్ల చేత పనిచేయించేవి కొన్ని. పని ఎలా ఉంటుందో చెబుతాను, ఊహలు వద్దు. పొద్దున హాజరు, ఓపీకి తోడు వెళ్లడం, డిశ్చార్జి అయినవాళ్లకు ఫోన్లు, పది ఫోన్లలో ఆరు ఎత్తరు. ఇంటికి వెళితే "లేడు" అంటారు, లోపల దగ్గు వినబడుతుంది. రిజిస్టర్లు రాయడం, చాలా రాయడం. గ్రాంటు విడతల్లో వస్తుంది, ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే. అందుకని షాపు తాళం చెవి ఎవరికీ ఇచ్చేయకండి.

దీనిలో లాభం ట్రైనింగు. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ, దాని తరఫున రాష్ట్రాల్లో పనిచేసే సంస్థలు ఇలాంటి కేంద్రాల సిబ్బందికి శిక్షణలు పెడతాయి. సాధారణంగా కేంద్రం పేరు పంపితేనే సీటు. మీరు జేబులోంచి కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్టుకు విలువా ఉంటుంది. కొలంబో ప్లాన్ (ఆసియా, పసిఫిక్ దేశాల సహకార సంస్థ) వాళ్లు తయారుచేసిన పాఠ్యప్రణాళిక ఒకటి ఈ రంగంలో చాలా దేశాల్లో వాడతారు. ఎక్కడైనా 'యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులమ్' అన్న పేరు కనబడితే అదే. చెన్నైలో 1980 నుంచి ఈ పని చేస్తున్న టీటీకే ఆసుపత్రి, బెంగళూరు నిమ్హాన్స్‌లోని అడిక్షన్ మెడిసిన్ కేంద్రం దక్షిణాదిలో ఈ పనికి పెద్ద బడులు.

చదువు విషయంలో ఒక జాగ్రత్త. ప్లస్ త్రీ పూర్తి చేయండి, అది లేకుండా పీర్ పని దాటి పైకి వెళ్లలేరు. దూరవిద్య నడిపే ఇగ్నోకు కోరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఒడిశా రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఉంది. షాపు నడుపుకుంటూ కట్టొచ్చు. కానీ 'దూరవిద్యలో సైకాలజీ చేస్తే కౌన్సెలర్ అయిపోవచ్చు' అని ఎవరైనా చెబితే ఆగండి. 2025 విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని విశ్వవిద్యాలయాల్ని నియంత్రించే యూజీసీ ఆపేసింది. దీనికి మూలం 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం. కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, మానసిక ఆరోగ్య సహాయకులు, వీళ్లందర్నీ 'బిహేవియరల్ హెల్త్' అనే గుంపులో చేర్చి ఆ చట్టం ఒక రిజిస్టరు కిందికి తెస్తోంది. అది మన జిల్లాల దాకా రావడానికి టైం పడుతుంది, కానీ వచ్చేటప్పటికి మీ చేతిలో తరగతి గదిలో కూర్చుని చదివిన కాగితం ఉంటే మంచిది. డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), మీ ప్రశ్నకు పూర్తి జవాబు అది. ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, గుణుపురం నుంచి విశాఖకు రైలుంది. ఇప్పుడు ఆ మాట దూరంగా అనిపిస్తుందని తెలుసు. 39 ఏళ్లకు ఎంఎస్‌డబ్ల్యూ పూర్తి చేసినవాళ్లు నా క్లాసులోనే ఇద్దరున్నారు, వాళ్లలో ఒకాయన పరీక్షకు మనవణ్ని ఎత్తుకుని వచ్చేవాడు.

మీకు తెలియకుండా మీ దగ్గర ఒక ఆస్తి ఉంది. మీ ఉత్తరంలో ఒక చోట, "సవర గూడేలకు మోటార్లు బాగుచేయడానికి వెళ్తాను, వాళ్ల మాట నాకు వస్తుంది" అని ఊరికే రాసేశారు. తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చిన కౌన్సెలరు ఆ కొండల్లో ఎంతమంది ఉంటారు? సలప (జీలుగు) చెట్టు కింద కూర్చునే మనిషికి కల్లు పండగా, పంపకమూ, అతిథి మర్యాదా. ఆయన్ని 'తాగుబోతు' అని అర్థమొచ్చే ఒడియా మాటతో పలకరిస్తే తలుపు మూసుకుంటుంది. పండగకు తాగడానికీ పొద్దున్నే సారా ప్యాకెట్టుతో లేవడానికీ తేడా అతని భాషలో అడగగలిగినవాడే ఆ ఊళ్లో పనికొస్తాడు. ఎయిమ్స్ వాళ్లు సామాజిక న్యాయ శాఖ కోసం చేసి 2019లో విడుదల చేసిన దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని తేలింది. మిగతా 37 మందిలాంటివాళ్లు మీరు మోటారు దించే ఊళ్లలోనూ ఉన్నారు.

దానితోనే ఒక చిక్కు. మీరు పొద్దున ఎవరింట్లో బావి మోటారు దించుతారో, సాయంత్రం వాళ్ల కొడుకు గురించి రహస్యం వింటారు. విన్నది మోటారు బిల్లు దగ్గర నోరు జారకూడదు, మీ ఆవిడ దగ్గర కూడా. పెద్ద ఊళ్లో కౌన్సెలరు గది దాటితే ఎవరూ గుర్తుపట్టరు. మీకు ఆ సౌకర్యం లేదు. దీనికి నేను చూసిన మార్గం ఒకటే, మొదటి మాటలోనే చెప్పేయడం: "వీధిలో కనబడితే నేను ముందు పలకరించను, నువ్వు పలకరిస్తే పలుకుతాను."

ఇంకో మాట మర్చిపోకముందే. మీరు ఈ పనిలో ఉన్నారని తెలిశాక ఆడవాళ్లు వచ్చి, "మాన్పించే మాత్రలుంటాయట, కూరలో కలిపి పెడతాను, తెచ్చిపెట్టు" అంటారు. తప్పక అంటారు. అది డైసల్ఫిరామ్. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తూ వేసుకుంటే కొందరికి సాయం. తెలియకుండా వేసుకున్నవాడు పైన మందు తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఇల్లాలి కష్టం నిజమే. ఆమెను డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి, మాత్ర మాత్రం తేకండి.

పదహారు నెలల ప్రశ్న. చాలా చోట్ల పీర్ పనికి ఏడాదో రెండేళ్లో మానిన కాలం అడుగుతారు, ఆ లెక్కకు మీరు గుమ్మంలో ఉన్నారు. నాకు లెక్క కన్నా ముఖ్యమైనది వేరే ఉంది. మానడాన్నే ఉద్యోగం చేసుకున్నవాళ్లలో కొందరు ఏఏ మీటింగుకు వెళ్లడం మానేస్తారు. "రోజంతా అదే పని కదా" అంటారు. అక్కడే జారతారు. వార్డులో మీరు ఇచ్చేవారు, మీటింగులో పుచ్చుకునేవారు, రెండూ ఒకటి కావు. పైగా ఉద్యోగం మీద మానడం ఆధారపడితే, ఉద్యోగం పోయిన రోజు ఏది పట్టుకుని నిలబడతారు? మీరు దగ్గరగా చూసిన పేషెంటు మళ్లీ తాగి చనిపోతే? చనిపోతారు, అది కూడా జరుగుతుంది. ఆ రాత్రి ఫోన్ చేయడానికి ఒక మనిషి ఇప్పటి నుంచే ఉండాలి. స్పాన్సర్, అంటే ఏఏలో మీకన్నా ముందు మాని మీకు తోడుండే మనిషి, ఉన్నారా? ఉత్తరంలో ఎక్కడా లేరు.

మీ ఆవిడ గురించి. ఆమె అడ్డుపడుతోందని మీరు రాశారు. నేనయితే ఆ పదకొండేళ్లలో ఆమె ఎన్ని రాత్రులు గడియ తీసి ఉంచిందో లెక్కేస్తాను. మీకు వణుకు పుట్టించిన మంచం ఆమెకూ గుర్తే. మిమ్మల్ని అక్కడ వదిలి ఇంటికి ఒంటరిగా బస్సులో వచ్చింది ఆమె కదా. "ట్రైనింగు ఉంది, వెళ్తాను" అని చెప్పకండి. "నీకు ఏది చూస్తే భయం?" అని అడగండి. పైన తాపీ ఆయన దగ్గర చెప్పిన, నోరు మూసుకుని వినే నిమిషం ఇంట్లోనూ పనికొస్తుంది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, ఆమెకు ఇష్టమైతేనే.

నా మనసులో ఉన్నది చెప్పమంటే, పాత సెంటర్ వద్దు. గ్రాంటు కేంద్రంలో ఇప్పుడే చేరడమా, ఇంకో ఎనిమిది నెలలు ఆగడమా, ఈ రెంటి మధ్యే నేను ఊగుతాను. ఇప్పుడే చేరితే శిక్షణ త్వరగా వస్తుంది, ఇంట్లో టెన్షన్ కూడా వస్తుంది. ఎనిమిది నెలలు ఆగితే రెండేళ్లు నిండుతాయి. ఈలోగా ప్లస్ త్రీ ఫారం కట్టొచ్చు, వారానికి ఒక పూట జిల్లా ఆసుపత్రి ఓపీలో డాక్టరును అడిగి ఊరికే కూర్చుని చూడొచ్చు. తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక, ఆడిట్ అంటారు, తీసుకుని ఒడియాలోనూ తెలుగులోనూ నోటికి వచ్చేలా చేసుకోవచ్చు. మార్కులు ఎనిమిదికి చేరితే హెచ్చరిక, ఇరవైకి చేరితే డాక్టరు. అయితే ఆ ఖాళీ అప్పటిదాకా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏది ఎంచుకోవాలో మీ ఇద్దరూ కలిసి చూడండి.

ఎవరైనా రాత్రిపూట వచ్చి తలుపు కొడితే, మీకు తోచని ప్రశ్న అడిగితే, మత్తు పదార్థాల హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండోది ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడుతుంది. షాపు గోడ మీద రాసి పెట్టుకోండి.

ఆ తాపీ ఆయన ఇంటికి మీరు మళ్లీ వెళ్లారో లేదో రాయలేదు. వెళ్లలేదనుకుంటున్నాను. ఈ ఆదివారం మీటింగు నుంచి వచ్చేటప్పుడు దిగి వెళ్లండి. కథ చెప్పకండి. "నాకు తెలియక చెప్పాను, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది" అని ఇద్దరి ముందూ అనండి. తర్వాత అతను ఏం చెబితే అది వినండి, ఏమీ చెప్పకపోతే టీ తాగి వచ్చేయండి.